చక్కెర బిళ్ళ లెక్క

డిప్రెషన్ మందుల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు అందుకుంటారు: "అవన్నీ చక్కెర బిళ్ళలేనట కదా, పరిశోధనలే తేల్చాయి!" పెళ్ళి భోజనాల దగ్గర ఈ మాట వినిపిస్తుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది, ప్రకృతి వైద్యం చెప్పే యూట్యూబ్ ఉపన్యాసాల్లో అయితే ఇదే పల్లవి. ఒకప్పుడు ఈ మందుల్ని వద్దన్నవాళ్ళు "మత్తు మందులు, అలవాటు పడిపోతారు" అని భయపెట్టేవాళ్ళు. ఇప్పుడు బాణీ మారింది. సైన్సును కాదనడం మానేసి సైన్సునే సాక్షిగా బోనెక్కిస్తున్నారు. మంచిదే. కానీ సాక్షిని పిలిచాక ఆ సాక్షి చెప్పేది చివరిదాకా వినాలి. మొదటి వాక్యం వినగానే తీర్పు రాసేస్తే ఎలా?

2022 జులైలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన సైకియాట్రిస్టు జోవానా మాంక్రీఫ్, ఆమె సహచరులు ఒక సమీక్ష ప్రచురించారు. మెదడులో సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి ఇన్ని దశాబ్దాల పరిశోధనల్లోనూ నిలకడైన ఆధారం దొరకలేదన్నది దాని సారం. ప్రపంచమంతా పతాక శీర్షికలు పెట్టారు. మన ఫోన్ల దాకా వచ్చేసరికి అది "డిప్రెషన్ మందులు పనిచేయవని తేలిపోయింది" అయి కూర్చుంది. ఆ సమీక్షలో లేని సంగతే అది! మందు వేసుకున్నవాళ్ళకు మేలైందా లేదా అని ఆ కాగితం లెక్కకట్టలేదు. మాంక్రీఫ్ ఈ మందులను చాలాకాలంగా విమర్శిస్తున్న మనిషే, కాని ఆ వాదాలు వేరు, ఆ ఆధారాలు వేరు. జబ్బు మూలం గురించి రాసినదాన్ని మందు ఫలితం మీద తీర్పుగా చదివేశారు.

ఈ గందరగోళంలో డాక్టర్ల పాలూ ఉంది. మందుల కంపెనీలు, వాటి వెనకాలే చాలామంది డాక్టర్లు "సెరటోనిన్ తక్కువైంది, మాత్రతో సరిచేద్దాం" అని, పప్పులో ఉప్పు చాలకపోతే మరికాస్త వేసినంత తేలిగ్గా చెబుతూ వచ్చారు. రోగికి నచ్చజెప్పడానికి పనికొచ్చిన కథ అది. కథ వీగిపోయేసరికి మందు కూడా వీగిపోయిందని జనం అనుకున్నారు.

అసలు జరిగింది తలకిందులు. మందు ముందు వచ్చింది, కథ తర్వాత అల్లారు. 1956లో స్విట్జర్లాండ్‌లోని మున్‌స్టర్‌లింగెన్ ఆస్పత్రిలో రోలండ్ కూన్ అనే డాక్టరు, గైగీ కంపెనీ పంపిన ఒక రసాయనాన్ని రోగులకు ఇచ్చి చూశాడు. స్కిజోఫ్రీనియాకు పనికొస్తుందేమోనన్న ఆశతో తయారైన సరుకు. దానికి పనికిరాలేదు. దిగులుతో మంచం పట్టినవాళ్ళు మాత్రం లేచి మాట్లాడసాగారు. అదే ఇమిప్రమిన్. మరుసటి ఏడు జూరిక్ మహాసభలో కూన్ ఈ సంగతి చెబితే కూర్చుని విన్నది డజనుమంది. (రోగులకు సరిగా చెప్పకుండా, వాళ్ళ ఒప్పుకోలు తీసుకోకుండా ఆ ఆస్పత్రిలో ఎన్నో రసాయనాలు పరీక్షించారని ఈమధ్య చరిత్రకారులు బయటపెట్టారు. కూన్‌ను దేవుణ్ణి చేయాల్సిన పని లేదు.) సెరటోనిన్ లోటు వాదాన్ని ఇంగ్లండ్‌లో అలెక్ కాపెన్ ముందుకు తెచ్చింది ఆ తర్వాత పదేళ్ళకు, 1967లో. వైద్యంలో ఇది వింతేమీ కాదు. ఆస్పిరిన్ 1899 నుంచి బజారులో ఉంది. అది నొప్పినెలా తగ్గిస్తుందో జాన్ వేన్ కనిపెట్టింది 1971లో. ఆ 72 ఏళ్ళూ తలనొప్పులు తగ్గుతూనే వచ్చాయి.

చక్కెర బిళ్ళ నినాదానికి పుట్టిల్లు ఇంకోచోట ఉంది. 2008లో ఇర్వింగ్ కిర్ష్ బృందం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గరున్న దస్త్రాలను తెప్పించుకుని నాలుగు కొత్తతరం మందుల మీద జరిగిన 35 ట్రయల్స్‌ను కలిపి లెక్కేసింది. మొత్తం 5,000 మందికి పైగా రోగులు. హామిల్టన్ స్కేలు అనే కొలత మీద అసలు మందు వేసుకున్నవాళ్ళ బాధ సగటున 9.6 పాయింట్లు తగ్గింది. ప్లసీబో, అంటే మందులేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళది 7.8 తగ్గింది. తేడా 1.8. కనీసం 3 పాయింట్ల తేడా ఉంటేనే రోగికి తెలిసేంత మేలు అని బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ అప్పట్లో ఒక గీత గీసి పెట్టింది. గీత దాటలేదు కాబట్టి మందు దండగ! వాదం వినడానికి ఎంత పొందికగా ఉందో చూడండి.

అంకెలో తప్పు లేదు. ఆ అంకెను కొలిచిన గిన్నె ఎలాంటిదో ఎవరూ అడగరు.

హామిల్టన్ స్కేలు 1960 నాటిది. మాక్స్ హామిల్టన్ తయారుచేసిన ఆ ప్రశ్నావళిలో 17 అంశాలు, మొత్తం 52 పాయింట్లు. దిగులు అన్న ఒక్క అంశానికి గరిష్ఠంగా 4 పాయింట్లు. నిద్రకు మూడు అంశాలు, వాటికి మొత్తం 6. అంటే రాత్రి హాయిగా నిద్రపట్టించే ఏ మాత్రైనా గీత దాటేయొచ్చు, మనసు బరువు గింజంత తగ్గకపోయినా సరే. అంతేకాదు, అందులో కడుపు ఇబ్బందికి పాయింట్లున్నాయి, లైంగికాసక్తి తగ్గితే పాయింట్లున్నాయి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు కొందరిలో తెచ్చిపెట్టే ఇబ్బందులు సరిగ్గా ఇవే. మందు మనసుకు చేసిన మేలులోంచి, కడుపుకు చేసిన చెడుపును తీసేసి, మిగిలినదాన్ని మందు బలం అంటున్నాం.

స్వీడన్‌లో ఫ్రెడ్రిక్ హిరోనిమస్ బృందం 2016లో ఇదే పట్టుకుంది. కంపెనీల ట్రయల్స్‌లోని రోగుల వారీ వివరాలు తీసుకుని, మొత్తం స్కోరును పక్కనపెట్టి, దిగులు అనే ఒక్క అంశాన్నే చూసింది. మొత్తం స్కోరు ప్రకారం 32 పోలికల్లో 18 చోట్ల మందుకూ ఉత్త మాత్రకూ తేడా తేలలేదు. దిగులు ఒక్కటే చూస్తే తేడా తేలనివి మూడే. రోగులు అవే, ట్రయల్స్ అవే, మందులు అవే.

ఇక ఉత్త మాత్ర సంగతి. "చక్కెర బిళ్ళతో సమానం" అన్న మాట చెవినపడగానే మనకు తోచేది "ఏమీ చేయకపోవడంతో సమానం" అని. ట్రయల్‌లో ఉత్త మాత్ర పడినవాళ్ళకు ఏమీ చేయరా? వారం వారం పిలుస్తారు. నర్సో డాక్టరో ఎదురుగా కూర్చుని నిద్ర ఎలా పడుతోంది, ఆకలి వేస్తోందా, పనికి వెళ్ళబుద్ధి అవుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని తొందర లేకుండా అడిగి రాసుకుంటారు. రాకపోతే ఫోన్ చేస్తారు. కొత్త మందు దొరికిందేమోనన్న ఆశ రోగికి ఎలాగూ ఉంటుంది. జబ్బు దానంతట అదే కాస్త నెమ్మదించే కాలం కూడా ఇందులో కలుస్తుంది. ఇదంతా కలిపితే 7.8 పాయింట్లు. ఆ పైన మందు తెచ్చేది 1.8.

పెద్దాస్పత్రి ఓపీలో ఉదయం ఎనిమిదికి చీటీ రాయించుకుని, మధ్యాహ్నానికి డాక్టరు ముందు రెండు నిమిషాలు నిలబడి వచ్చే మనిషికి ఆ 7.8 ఎవరిస్తారు? ట్రయల్‌లో ఇచ్చిన ఆ చక్కెర బిళ్ళ మన మందుషాపులో దొరకదు. "ప్లసీబోతో సమానం కాబట్టి మానేయండి" అన్నవాళ్ళు మందును లాక్కుంటున్నారు, దాని బదులు ప్లసీబోను కూడా ఇవ్వడం లేదు.

సగటు అనేది చాలా విషయాలు కప్పెడుతుంది. సగటున రెండు పాయింట్ల తేడా అంటే అందరికీ తలా రెండు పాయింట్లు పంచారని కాదు. 2022లో మార్క్ స్టోన్, కిర్ష్ తదితరులు ఎఫ్‌డీఏ దగ్గరున్న 232 ట్రయల్స్‌లోని 73,388 మంది వివరాలను ఒక్కొక్క రోగి చొప్పున పరిశీలించారు. తేలిందేమంటే, ఉత్త మాత్రతో వచ్చే మేలుకు మించి గట్టి ఫలితం మందువల్ల పొందినవాళ్ళు నూటికి 15 మంది దాకా ఉన్నారు. సగటు చిన్నది కావడానికి కారణం, కొద్దిమందికి కొండంత మేలు జరిగి చాలామందికి పెద్దగా తేడా లేకపోవడం. రచయితల జాబితాలో కిర్ష్ పేరుంది చూశారా! చక్కెర బిళ్ళ వాదానికి పెద్దదిక్కుగా చెప్పుకునే మనిషి స్వయంగా పాలుపంచుకున్న లెక్క ఇది. యూట్యూబ్ ఉపన్యాసాలు 2008 దగ్గరే ఆగిపోయాయి.

నూటికి 15 అంటే తక్కువే. ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. అది సైకియాట్రీ ఇంకా తీర్చని బాకీ. కానీ ఆ 15 మందిలో ఒకరు మన ఇంట్లో ఉండొచ్చు.

కంపెనీలు అబద్ధాలాడాయి కదా అంటారు. ఆడాయి. 2008లోనే ఎరిక్ టర్నర్ బృందం ఎఫ్‌డీఏ దస్త్రాలను జర్నళ్ళలో వచ్చిన వ్యాసాలతో పక్కపక్కన పెట్టి చూసింది. 74 ట్రయల్స్‌లో 38 మందుకు అనుకూలం, వాటిలో ఒక్కటి తప్ప అన్నీ అచ్చయ్యాయి. మిగతా 36లో 22 అసలు వెలుగే చూడలేదు, 11 ఫలితం బాగున్నట్టు రంగు పూసుకుని అచ్చయ్యాయి, ఉన్నదున్నట్టు బయటికొచ్చినవి మూడు. ఇంకా ఘోరం స్టడీ 329. పరాక్సెటిన్ మందు టీనేజి పిల్లలకు క్షేమం, మేలు అని 2001లో వ్యాసం వచ్చింది. అదే ట్రయల్ కాగితాలను మళ్ళీ తెరిచి 2015లో వేరే పరిశోధకులు లెక్కిస్తే మేలూ లేదు, క్షేమమూ లేదు. ఈలోగా 2012లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ అమెరికాలో నేరం ఒప్పుకుని, ఇదీ ఇతర ఆరోపణలూ కలిపి 300 కోట్ల డాలర్లు కట్టింది.

ఇంత మోసాన్ని సరిచేశాక మిగిలిందెంత? టర్నర్ లెక్కలో, ఎఫెక్ట్ సైజ్ అనే కొలత మీద, జర్నళ్ళు చూపిన ప్రభావం 0.41, దాచినవాటిని కూడా కలిపితే 0.31. తగ్గింది, గట్టిగానే తగ్గింది. సున్నా కాలేదు. 2018లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండ్రియా చిప్రియానీ బృందం అచ్చైనవీ కానివీ కలిపి 522 ట్రయల్స్, 1,16,477 మంది రోగులు, 21 మందులు తూకమేసింది. ఇరవై ఒకటికి ఇరవై ఒకటీ ఉత్త మాత్ర కన్నా మెరుగే, తేడాలు మాత్రం ఎక్కువతక్కువగా ఉన్నాయి. సగటు ప్రభావం 0.30, దాదాపు టర్నర్ చెప్పిందే. ఇంకో సంగతి: కంపెనీల దొంగతనాన్ని పట్టించిందెవరు? ట్రయల్స్ దస్త్రాలే. పట్టించిన పద్ధతినే పనికిరాదనడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడం.

తెలివైన ప్రత్యర్థి దగ్గర ఒక ఆఖరి అస్త్రం ఉంటుంది. నోరెండడం, వికారం లాంటివి రాగానే "నాకు అసలు మందే ఇస్తున్నారు" అని రోగి పసిగట్టేస్తాడు, ఆ నమ్మకమే మేలు చేస్తుంది, మందు కాదు అంటాడు. బలమైన అనుమానమే ఇది. 2018లో హిరోనిమస్ బృందమే సిటాలోప్రామ్, పరాక్సెటిన్ ట్రయల్స్‌లో దుష్ప్రభావాలేవీ లేవన్న రోగులను వేరుచేసి చూసింది. వాళ్ళలోనూ మందు ఉత్త మాత్రను మించింది.

మందుల పక్షం కూడా గొప్పలకు పోయింది. అమెరికా ప్రభుత్వ సొమ్ముతో జరిగిన స్టార్‌డీ పరిశోధన, ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు దశల చికిత్స మారిస్తే 67 శాతం మందికి జబ్బు నయమవుతుందని 2006లో చెప్పింది. ప్రపంచమంతా డాక్టర్లు దాన్ని వల్లెవేశారు. ముందుగా రాసిపెట్టుకున్న నియమాల ప్రకారమే మళ్ళీ లెక్కిస్తే అది 35 శాతమని 2023లో ఎడ్ పిగాట్ బృందం చూపింది. ఆ అంకెనే రోగులకు చెప్పాలి. మూడోవంతు మందికి నయం కావడం చక్కెర బిళ్ళ వాదానికి ఏ విధంగానూ సాయం చేయదు, పైగా స్టార్‌డీలో ప్లసీబో గుంపే లేదు.

ఈ నినాదంవల్ల ప్రాణం మీదికి వచ్చేది బైపోలార్ రోగులకు. "మనసు మందులన్నీ ఒకటే" అని గుంపుగుత్తగా కొట్టిపారేస్తే అందులో లిథియం కూడా పోతుంది. చక్కెర బిళ్ళ వాదం లిథియం మీద కూడా ఒకప్పుడు వచ్చింది, వేరే పేరుతో. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో లిథియం ఉన్మాదాన్ని తగ్గిస్తుందని గమనించాడు. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ, పౌల్ బాస్ట్రప్ ఒక అడుగు ముందుకేసి, ఇది ఉన్మాదమూ దిగులూ మళ్ళీమళ్ళీ రాకుండా ఆపుతుందని 1967లో రాశారు. లండన్ మాడ్స్‌లీ ఆస్పత్రి నుంచి మైఖేల్ షెఫర్డ్, బారీ బ్లాక్‌వెల్ 1968లో విరుచుకుపడ్డారు. ఇది మరో వైద్య పుక్కిటి పురాణమా అన్నంత ఘాటైన శీర్షిక పెట్టారు. పోల్చడానికి ప్లసీబో గుంపేదీ అని నిలదీశారు. షౌ సొంత తమ్ముడు మళ్ళీమళ్ళీ వచ్చే దిగులుతో లిథియం మీద ఉన్నాడు కాబట్టి షౌ నిష్పాక్షికుడు కాడు, భక్తుడు అన్న దెప్పిపొడుపూ వినిపించింది.

షౌకు కోపం వచ్చింది. అయినా కోపంతో వ్యాసాలు రాస్తూ కూర్చోలేదు. లిథియంతో నిలకడగా ఉన్న 84 మందిని చీటీల పద్ధతిలో రెండుగా విడగొట్టి, ఒక గుంపుకు లిథియమే కొనసాగించి రెండో గుంపుకు అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇచ్చారు. ఎవరికేది పడిందో రోగికి తెలియదు. ఐదు నెలల్లో ఉత్త మాత్ర గుంపులోని 39 మందిలో 21 మందికి జబ్బు తిరగబెట్టింది. లిథియం గుంపులోని 45 మందిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. 1970లో ఈ ఫలితం లాన్సెట్‌లో వచ్చింది. బాగున్న మనిషి దగ్గర్నుంచి మందు తీసేసి చూడడం న్యాయమేనా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ గుచ్చుకుంటుంది. కానీ పుక్కిటి పురాణం అన్న మాట ఆగింది ఆ 39 మంది వల్లే.

లిథియం థైరాయిడ్‌ను, కిడ్నీలను దెబ్బతీయగలదు, రక్తంలో మోతాదు కొలుచుకుంటూ ఉండాలి. చక్కెర బిళ్ళకు ఆ పరీక్షలెందుకు?

"వీడియో చూసి మానేశాను" అనేవాళ్ళ కోసం ఇంగ్లండ్‌లో జరిగిన ఆంట్లర్ ట్రయల్ ఉంది, 2021లో ఫలితం వచ్చింది. ఏళ్ళ తరబడి మందు వాడుతూ, బాగానే ఉన్నాం, ఇక మానేద్దామా అనుకుంటున్న 478 మంది అందులో చేరారు. సగం మందికి మందు కొనసాగింది, సగం మందికి మెల్లగా మోతాదు తగ్గిస్తూ ఉత్త మాత్రలోకి మార్చారు. ఏడాదిలో కొనసాగించినవాళ్ళలో 39 శాతం మందికి, మానేసినవాళ్ళలో 56 శాతం మందికి డిప్రెషన్ మళ్ళీ వచ్చింది. ఈ అంకెల్ని రెండువైపుల నుంచీ చదవొచ్చు. మానేసినా 44 శాతం మంది బాగానే ఉన్నారు కాబట్టి జీవితాంతం మింగాల్సిందేనని బెదిరించే డాక్టరుకూ ఇది జవాబే. కానీ ఆ మానేయడం డాక్టరు చూస్తుండగా, వారాల తరబడి తగ్గిస్తూ జరిగింది. ఫోన్ పక్కనపెట్టి, మాత్రల పట్టీని చెత్తబుట్టలో పడేస్తే జరిగింది కాదు.

మందు వద్దన్నవాళ్ళు చూపే దారులకు ఇదే కొలబద్ద పెడతారా? కౌన్సెలింగ్ పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ పిమ్ కౌపర్స్ బృందం 2010లో అచ్చుకాని ఫలితాలను అంచనా వేసి సవరిస్తే మాటల చికిత్సల ప్రభావం కూడా 0.67 నుంచి 0.42కు దిగింది. మంచి ఫలితాన్ని అచ్చువేసి చెడ్డదాన్ని దాచే జబ్బు కంపెనీలకే పరిమితం కాదన్నమాట. యోగా చేస్తున్నానో లేదో రోగికి తెలియకుండా ట్రయల్ చేయడం ఎవరి తరం? మందుకు ఒక త్రాసు, ఆసనానికి ఇంకో త్రాసు పెట్టి, మందు తేలిపోయిందంటున్నారు.

2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. ఆ పన్నెండులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. సర్వే చేసిన చోట్ల జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. "ఎర్రగడ్డకు పంపాలి వీణ్ణి" అన్నది తిట్టుగా చలామణీ అయ్యే చోట ఇంతకన్నా తక్కువ ఉంటుందనుకోలేం. అనవసరంగా మందులు మింగే సమాజంలో పుట్టిన హెచ్చరికను, మందు మొహమే చూడని సమాజంలోకి యథాతథంగా దించేశారు. అమెరికాలో ఆ మాట విన్న మనిషి రెండో డాక్టరు దగ్గరికి వెళ్తాడేమో. ఇక్కడ మొదటి డాక్టరు దగ్గరికే వెళ్ళడు.

మనవైపు కూడా ఒక పెద్ద ట్రయల్ జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పల్లబ్ మౌలిక్ బృందం పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోనూ 44 పీహెచ్‌సీల పరిధిలోని పల్లెల్లో చేసిన పరిశోధన ఇది, 2024లో ఫలితం వెలువడింది. ఆశా కార్యకర్తలు చేతిలో ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగారు. దిగులు, ఆందోళన, చచ్చిపోవాలన్న ఆలోచన ఉన్నవాళ్ళను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు. ఎవరికి ఏ చికిత్స ఇవ్వాలో డాక్టరుకు కూడా ట్యాబే దారి చూపింది. ఊళ్ళో మానసిక జబ్బంటే సిగ్గుపడనక్కర్లేదని ప్రచారం చేశారు. ఏడాది తర్వాత ముప్పులో ఉన్నవాళ్ళను మళ్ళీ కొలిచారు. ఈ ఏర్పాటంతా లేని ఊళ్ళలోనూ 50.6 శాతం మంది ముప్పు దాటారు. ఏర్పాటున్న ఊళ్ళలో 74.7 శాతం.

చక్కెర బిళ్ళ లెక్క వేసేవాళ్ళు మొదటి అంకెను చూపించి, సగం మంది ఊరికే బాగుపడ్డారుగా, ఈ తతంగమంతా దేనికి అనొచ్చు. రెండు అంకెల మధ్య నూటికి 24 మంది ఉన్నారు. భీమవరం, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్ళి వాళ్ళకు ఆ మాట చెబుతారో మరి.